ఓడినవాళ్ల వైపు నుంచి చూడటం నేర్చుకోండి

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ చేసి, ఐదేళ్లుగా హైదరాబాద్‌లో ఎన్నికల సర్వేలు, ప్రచార వ్యూహాలు చూసే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. జీతం బాగానే ఉంది. కానీ పొద్దున లేస్తే ఎవరిని ఎలా గెలిపించాలన్న ఆలోచనే, విసుగొచ్చేసింది. యుద్ధం ఆగిన దేశాల్లో శాంతి ఒప్పందాలు, ఎన్నికల మీద పనిచేసే సీనియర్ పొలిటికల్ అడ్వైజర్ల గురించి చదివినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. మన దగ్గర నుంచి వెళ్లిన ఆడపిల్ల పరాయి దేశపు రాజకీయాల్లో ఏం సలహా ఇవ్వగలదు? అక్కడిదాకా చేరే దారేమిటి? ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం ఇప్పిస్తానని ఒక కన్సల్టెంట్ మూడు లక్షలు అడుగుతున్నాడు, కట్టమంటారా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "మన ఊరి గొడవలే తీరవు, ఎక్కడివో నువ్వు తీరుస్తావా?" అంటున్నారు నాన్న.
(పేరు వద్దు, ఖమ్మం జిల్లా)

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ మూడు లక్షలు కట్టకండి, అందులో వెయ్యి రూపాయలు కూడా కట్టకండి. దరఖాస్తు, ఇంటర్వ్యూ, శిక్షణ, ఏ దశలోనూ ఐక్యరాజ్యసమితి అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకోదు. ఖాళీలు దాని, దాని అనుబంధ సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే వస్తాయి, ఎవరైనా నేరుగా పెట్టుకోవచ్చు. "లోపల మనవాళ్లు ఉన్నారు" అని చెప్పేవాడు మోసగాడే. ఇప్పటికే అతనికి పాస్‌పోర్ట్ కాపీ, బ్యాంకు వివరాలు ఇచ్చి ఉంటే ఈ వారమే బ్యాంకుకు చెప్పి, సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. పరాయి దేశంలో మనం ఏం సలహా ఇవ్వగలం? నేను ఈ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. నేను పనిచేసిన దేశాల పేర్లు, అక్కడ ఎవరితో కూర్చున్నానన్నది ఇక్కడ రాయను. మనల్ని నమ్మి మాట్లాడినవాళ్ల మాట బయటపెట్టకూడదు, ఉద్యోగం మానేశాక కూడా. అందుకే అందరికీ తెలిసిన, చరిత్రలో నమోదైన దేశాలనే ఉదాహరణగా తీసుకుంటాను.

మీరు ఇప్పుడు చేస్తున్న పనిలో గెలిచేవాడే ముఖ్యం. మీరు వెళ్లాలనుకుంటున్న పనిలో ఓడేవాడు ముఖ్యం. గెలిచినవాడు ఎలాగూ ఫలితాన్ని ఒప్పుకుంటాడు. తుపాకులు ఇంకా పూర్తిగా కింద పెట్టని దేశంలో, ఓడినవాడు మర్నాడు పొద్దున ఏం చేస్తాడన్నదే అసలు సమస్య. ఓడినా ప్రాణానికి భయం లేదని, కార్యకర్తలకు బతుకు ఉందని, అయిదేళ్ల తర్వాత మళ్లీ నిలబడొచ్చని అతనికి నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం పోలింగ్‌కు ముందే కుదరాలి, తర్వాత కుదిర్చే వీలుండదు. పొలిటికల్ అడ్వైజర్ చేసే పనిలో ముప్పావు వంతు ఇదే.

ఆఫ్రికాలో అంగోలా చూడండి. 1991 మేలో ప్రభుత్వం, యూనిటా తిరుగుబాటుదారులు శాంతి ఒప్పందం చేసుకున్నారు. 1992 సెప్టెంబరు చివర్లో ఎన్నికలు పెట్టారు. జనం బారులు తీరి ఓటేశారు. ఐక్యరాజ్యసమితి ప్రతినిధి మార్గరెట్ ఆన్‌స్టీ, ఎన్నిక మొత్తమ్మీద సక్రమంగానే జరిగిందని ప్రకటించారు. అధ్యక్ష పదవికి అప్పటి అధ్యక్షుడు దోస్ శాంతోస్‌కు 49.6 శాతం, యూనిటా నాయకుడు జోనాస్ సవింబికి 40 శాతం ఓట్లు వచ్చాయి. ఎవరికీ సగం దాటలేదు కాబట్టి రెండో విడత జరగాలి. అది జరగనే లేదు. మోసం జరిగిందని సవింబి లేచిపోయాడు. అక్టోబరు ఆఖరుకి రాజధాని లువాండాలో కాల్పులు మొదలై యూనిటా మనుషుల్ని వీధుల్లో చంపారు. ఆ యుద్ధం 2002లో సవింబి చనిపోయేదాకా పూర్తిగా ఆగలేదు.

తప్పంతా సవింబి అధికార దాహానిది అని చాలామంది రాశారు. అది నిజమే, కాదనను. కానీ అడ్వైజర్‌గా కూర్చున్నవాళ్లు అక్కడితో ఆగకూడదు. పోలింగ్ నాటికి రెండు సైన్యాలూ పూర్తిగా రద్దు కాలేదు. ఒప్పందంలో అధ్యక్ష పదవి ఒక్కటే అసలైన ఫలం. అది దక్కనివాడికి మిగిలేది దాదాపు ఏమీ లేదు. అంత పెద్ద దేశానికి పంపిన ఐరాస బృందం చాలా చిన్నది, సైనిక పరిశీలకులు 350 మంది మాత్రమే. అప్పుడు వేయాల్సిన ప్రశ్న ఒకటే. సవింబి ఓడిపోతే ఎక్కడ ఉంటాడు? అతని వెనకున్న వేల మంది సాయుధులు ఏం తిని బతుకుతారు?

అదే ఆఫ్రికాలో, తూర్పు తీరాన మొజాంబిక్. అదీ పోర్చుగీసు వలసగా ఉండి బయటపడిన దేశమే, అక్కడా ఏళ్ల తరబడి అంతర్యుద్ధమే. 1992 అక్టోబరు 4న రోమ్‌లో ఒప్పందం కుదిరింది. శాంత్ ఎజీడియో అనే కేథలిక్ సంఘం మధ్యవర్తుల్లో ముఖ్యమైనది. ఏడాదిలోపు ఎన్నికలు అనుకున్నారు. కానీ అంగోలా కళ్ల ముందే తగలబడుతోంది. ఐరాస ప్రతినిధి ఆల్డో అజెల్లో తొందరపడలేదు. సైనికుల్ని శిబిరాలకు చేర్చి, ఆయుధాలు తీసుకుని, ఇళ్లకు పంపించేదాకా ఎన్నికల్ని 1994 అక్టోబరుకి వాయిదా వేశారు. దాంతోపాటు ఇంకో పని చేశారు. తిరుగుబాటు సంస్థ రెనామో రాజకీయ పార్టీగా మారడానికి ఒక నిధి పెట్టి, దాతల దగ్గర సుమారు 1.7 కోట్ల డాలర్లు సేకరించారు. ఆఫీసులు, ఇళ్లు, వాహనాలు, ఫోన్లు. అడవిలోంచి వచ్చినవాళ్లకు నగరంలో కూర్చునే చోటు.

పల్లెల్ని తగలబెట్టినవాళ్లకు, పిల్లల్ని ఎత్తుకెళ్లి తుపాకులు చేతికిచ్చినవాళ్లకు డబ్బులిస్తారా అని మీకు కడుపు మండొచ్చు. మండాలి కూడా. బాధితుల ముందు ఆ లెక్క చెప్పడం ఎవరికీ తేలిక కాదు. అయినా ఆ డబ్బు పెట్టడం సరైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. పోలింగ్‌కు ముందు రోజు రెనామో నాయకుడు ధ్లకామా బహిష్కరిస్తున్నానన్నాడు. రాయబారులు, పొరుగు దేశాల నాయకులు అందరూ మాట్లాడారు. మనసు మార్చుకుని తిరిగి వచ్చాడు. వచ్చినందుకు పోలింగ్‌ను మూడో రోజుకు పొడిగించారు. ఫలితాల్లో అధ్యక్షుడు షిసానోకు 53 శాతం, ధ్లకామాకు 34 శాతం. అయితే పార్లమెంటులో 250 సీట్లకు 112 రెనామోకు వచ్చాయి. 112 మందికి జీతం, గౌరవం, మాట్లాడే చోటు దొరికాయి. ధ్లకామా ఓడాడు, కానీ అడవికి వెళ్లలేదు.

ఇది అందమైన కథలా ముగిసిందని చెప్పను. 2013లో మొజాంబిక్‌లో రెనామో మళ్లీ తుపాకులు పట్టింది, 2019లో ఇంకో ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లలో అధికారం చేతులు మారకపోతే, ప్రతిపక్షానికి దక్కిన వాటా ఏటికేడు తగ్గుతూ పోతే, పాత ఏర్పాటు అరిగిపోతుంది. అయినా ఆ దాదాపు ఇరవై ఏళ్లు లక్షల మంది పిల్లలు బడికి వెళ్లారు. ఈ పనిలో దాన్ని చిన్న ఫలితం అనుకోకూడదు.

మనకు దగ్గర నేపాల్. ఇక్కడ ఒక వస్తువు గురించి చెప్పాలి. 2006 నవంబరులో ప్రభుత్వం, మావోయిస్టులు సమగ్ర శాంతి ఒప్పందం చేసుకున్నాక మావోయిస్టు సైన్యాన్ని ఏడు ప్రధాన శిబిరాల్లో, వాటి చుట్టూ 21 ఉపశిబిరాల్లో ఉంచారు. ఐక్యరాజ్యసమితి 19,602 మందిని మావోయిస్టు సైనికులుగా గుర్తించింది, 3,475 ఆయుధాల్ని నమోదు చేసింది. ఆ తుపాకుల్ని ఓడల్లో సరుకు పంపే ఇనప కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? మావోయిస్టుల దగ్గరే. అనుమతి లేకుండా తలుపు తీస్తే సైరన్ మోగుతుంది, నిఘా కెమెరా చూస్తుంటుంది, ఐరాస పరిశీలకులు దగ్గరే ఉంటారు. ఆ పరిశీలకుల చేతిలో తుపాకీ లేదు. అటు నేపాల్ సైన్యం కూడా అన్నే ఆయుధాల్ని అదే పద్ధతిలో తాళం వేసి పెట్టింది.

లొంగిపో అంటే ఎవరూ లొంగరు. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో, తలుపు మాత్రం తీయకు అంటే అవమానం లేదు. రెండు పక్షాలకీ సమానంగా తాళం పడింది కాబట్టి ఓడిపోయామన్న భావం ఎవరికీ లేదు. ఇలాంటి ఏర్పాటు సైనికులకు ఒక్కరికే తట్టదు, లాయర్లకు ఒక్కరికే తట్టదు. ఎదుటివాడు దేనికి సిగ్గుపడతాడో, దేనికి భయపడతాడో తెలిసిన మనుషులు గదిలో ఉండాలి. మీరు కావాలనుకుంటున్న ఉద్యోగం ఆ గదిలో ఉంటుంది.

నేపాల్‌లో రాజ్యాంగ సభ ఎన్నికలు రెండుసార్లు వాయిదా పడి 2008 ఏప్రిల్ 10న జరిగాయి. వాయిదా పడ్డప్పుడల్లా ప్రక్రియ చచ్చిపోయిందని రాసినవాళ్లు ఉన్నారు. నిజానికి ఆ సమయంలోనే దక్షిణాన తరాయి మైదానాల్లో ఉండే మధేసీల ఉద్యమాన్ని పట్టించుకుని ఒప్పందాలు చేసుకున్నారు, మొత్తం 601 స్థానాల్లో 335 దామాషా పద్ధతిలో, అంటే పార్టీలకు వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి నింపేలా చట్టం మార్చారు. దామాషా వల్లే చిన్న సమూహాలకు చోటు దొరికింది. 197 మంది మహిళలు సభలో కూర్చున్నారు, మూడో వంతు. ఇక ఫలితం. ఖాట్మండూలో మాట్లాడుకునేవాళ్లు చాలామంది మావోయిస్టులకు మూడో స్థానం అన్నారు. వాళ్లకు 220 సీట్లు వచ్చి మొదటి స్థానంలో నిలిచారు. రాజధాని హోటళ్లలో, ఇంగ్లీషు వచ్చినవాళ్లతోనే మాట్లాడి రాసిన అంచనాలన్నీ ఒక్క రోజులో చెల్లకుండా పోయాయి. ఐదేళ్లు ఊళ్లు తిరిగి సర్వేలు చేసిన మీకు ఇది నేను విడమరచి చెప్పక్కర్లేదు. మీ అనుభవానికి అక్కడ విలువ ఎందుకుందో మాత్రం ఇది చూపిస్తుంది.

నేపాల్ నుంచి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది 2013. మావోయిస్టుల సీట్లు 220 నుంచి 80కి పడిపోయాయి. మొదట్లో రిగ్గింగ్ అన్నారు, లెక్కింపు నుంచి ఏజెంట్లను వెనక్కి పిలిచారు. తర్వాత సభకు వచ్చి కూర్చున్నారు. 2015 సెప్టెంబరులో రాజ్యాంగం వచ్చింది. వాళ్లు అడవికి ఎందుకు వెళ్లలేదు? అప్పటికి శిబిరాలు మూసేశారు, సుమారు 1,400 మంది మాజీ యోధులు దేశ సైన్యంలోనే చేరారు, మిగతావాళ్లలో ఎక్కువమంది డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లారు, వాళ్ల నాయకులు ప్రచండ, బాబూరామ్ భట్టరాయ్ ప్రధానమంత్రులుగా చేసి ఉన్నారు. ఓడినా పోగొట్టుకోకూడనిది వాళ్లకు చాలా ఉంది. తగవులు ఇంకా తెగలేదు, యుద్ధ బాధితులకు న్యాయం ఇప్పటికీ పూర్తిగా జరగలేదు, అది నేపాల్ మీద పెద్ద బాకీ. కానీ ఆ పార్టీ మళ్లీ యుద్ధానికి దిగలేదు.

మన దగ్గరా ఒక ప్రయత్నం జరిగింది, మీ నాన్నగారికి బాగా గుర్తుండే ఉంటుంది. 2004 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, మావోయిస్టులు హైదరాబాద్‌లో నాలుగు రోజులు కూర్చుని మాట్లాడారు. ఆ రోజుల్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. దాని వెనక పౌర స్పందన వేదిక చేసిన ఏళ్ల కృషి ఉంది, దానికి పెద్దదిక్కు ఎస్.ఆర్. శంకరన్ గారు. తమిళనాట పుట్టిన ఐఏఎస్ అధికారి, దళితులు, ఆదివాసులు, వెట్టి కూలీల కోసం తన జీవితమంతా ఇచ్చిన మనిషి. 1987లో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయనా ఒకరు. తనను ఎత్తుకెళ్లినవాళ్లతో, తాను పనిచేసిన ప్రభుత్వంతో, ఇద్దరితోనూ కూర్చుని ఇద్దరికీ కష్టమైన మాటలు చెప్పగలిగారు. ఇద్దరూ విన్నారు. సీనియర్ పొలిటికల్ అడ్వైజర్ అంటే ఎలా ఉండాలని నన్ను ఎవరడిగినా నేను ఐరాస వాళ్ల పేర్లు చెప్పను, ఆయన పేరు చెబుతాను.

ఆ చర్చలు 2005 జనవరికల్లా తెగిపోయాయి. ఆయుధాలతో ఊళ్లలో తిరగొచ్చా కూడదా అన్న దగ్గర, భూముల దగ్గర చిక్కుపడ్డాయి. కాల్పుల విరమణ ఎవరు ఉల్లంఘించారన్నప్పుడు ఇద్దరూ నమ్మే లెక్క చెప్పే ఏర్పాటు గట్టిగా నిలబడలేదని నా అభిప్రాయం. నేపాల్‌లో కంటైనర్, సైరన్, కెమెరా, పరిశీలకులు చేసిన పని ఇక్కడ ఎవరూ చేయలేదు. శంకరన్ గారి లాంటి మనుషులు ఉన్నా ఏర్పాటు లేకపోతే నిలవదు. ఏర్పాటు ఉన్నా అలాంటి మనుషులు లేకపోతే మొదలే కాదు. నాన్నగారి ప్రశ్నను మీరు ఇక్కడి నుంచే పట్టుకోండి. ఆ నాలుగు రోజుల గురించి ఆయన్నే అడిగి, ఊళ్లో ఆయన వయసువాళ్లను అడిగి, విన్నది రాసుకోండి. ఖమ్మం జిల్లాలో పుట్టినవాళ్లకు సాయుధ పోరాటం అంటే పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. రెండు వైపులా చనిపోయినవాళ్ల ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో. పేరు వింటే పెద్ద పెద్ద సమావేశాలనిపిస్తుంది. రోజులో ఎక్కువ భాగం వినడం, రాయడం. పొద్దున స్థానిక పత్రికలు, రేడియో. స్థానిక సహోద్యోగులతో మాట. తర్వాత ఒక పార్టీ కార్యదర్శి, ఒక మతపెద్ద, ఎన్నికల సంఘం సభ్యుడు, మహిళా సంఘం. సాయంత్రానికి మిషన్, అంటే ఆ దేశంలో ఉన్న ఐరాస బృందం, అధిపతికి ఒక పేజీ నోట్. ఆ పేజీని నమ్ముకుని ఆయన రేపు అధ్యక్షుడి ముందు మాట్లాడతారు. కాబట్టి అందులో ప్రతి వాక్యానికీ బరువుంటుంది.

ఒక నమూనా చూపిస్తాను, ఇది నేను కల్పించిందే. కొత్తగా చేరినవాళ్లు ఇలా రాస్తారు: "ప్రతిపక్షం ఎన్నికల సంఘం మీద తీవ్ర అసంతృప్తితో ఉంది. బహిష్కరించే అవకాశం కొట్టిపారేయలేం." ఇందులో చదివినవాళ్లకు పనికొచ్చేది ఏమీ లేదు. అనుభవమున్నవాళ్లు ఇలా రాస్తారు: "ఓటర్ల జాబితా గురించి నాయకుడు నాలుగుసార్లు ఎత్తారు. ఉత్తర జిల్లాల్లో పేర్లు పోయాయన్నారు, జాబితా కాపీ మాత్రం ఇవ్వలేదు. బహిష్కరిస్తారా అని అడిగితే జవాబు చెప్పకుండా టీ తెప్పించారు. ఆయన తమ్ముడు నిన్ననే నామినేషన్ పత్రాలు తీసుకున్నాడని మన స్థానిక సహోద్యోగి చెప్పారు. బహిష్కరించరని, ఉత్తర జిల్లాల్లో జాబితా గడువు పొడిగించమని బేరం పెడతారని నా అంచనా. గడువు పొడిగించడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది రేపు పదింటికి కమిషన్‌లో కనుక్కుంటాను." ఆయన అన్నది వేరు, అనకుండా వదిలేసింది వేరు, మీకు అనిపించింది వేరు. మూడూ కలిపేయకుండా రాయడం వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. కానీ ఈ పని వచ్చినవాళ్లు తక్కువ, అందుకే గిరాకీ ఉంది.

తొందరపడి మంచి మాట చెప్పడం కూడా ప్రమాదమే. 2017 ఆగస్టులో కెన్యా అధ్యక్ష ఎన్నిక అయిన కొద్ది రోజులకే అంతర్జాతీయ పరిశీలకులు పోలింగ్ బాగా జరిగిందని మెచ్చుకున్నారు. పోలింగ్ వరకు అది నిజమే. కానీ 40 వేలకు పైగా పోలింగ్ కేంద్రాల నుంచి రావాల్సిన 34ఏ ఫారాలు, అంటే ఒక్కో కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో రాసే కాగితాలు, అన్నీ అందకుండానే ఫలితం ప్రకటించారు. అది మన బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసి ఏజెంట్లకు ఇచ్చే 17సీ లాంటి కాగితమే అనుకోండి. సెప్టెంబరు 1న అక్కడి సుప్రీంకోర్టు ఎన్నికనే రద్దు చేసింది. పరిశీలకుల మాట నమ్మి ఓటమి ఒప్పుకోమని ప్రతిపక్షానికి హితవు చెప్పినవాళ్లంతా ఇబ్బందుల్లో పడ్డారు. పదేళ్ల ముందు, 2007 ఎన్నిక తర్వాత అదే దేశంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అలాంటి చోట "లెక్కింపు, ఫలితాల చేరవేత ఇంకా సాగుతోంది, దాని మీద ఇప్పుడే చెప్పలేం" అన్న వాక్యాన్ని ప్రకటనలో ఉంచడం కోసం రాత్రంతా వాదించాల్సి రావొచ్చు. వాదించండి. 17సీ విలువ తెలిసిన మీరు ఈ విషయంలో చాలామంది కన్నా ముందున్నారు.

మనవాళ్లకు అక్కడ ఏం పని అన్నారు కదా. మన దేశపు మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ 1953లో సూడాన్ వెళ్లి, ఆ దేశపు మొదటి పార్లమెంటు ఎన్నికలు జరిపిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించారు. అక్షరాలు రానివాళ్లు కోట్ల మంది ఉన్న దేశంలో ఎన్నిక జరిపిన అనుభవాన్ని ఆయన వెంట తీసుకెళ్లారు. అయితే "మా దేశంలో ఇలా చేస్తాం" అని ఉపన్యాసం మొదలుపెడితే వాళ్లు వినడం మానేస్తారు. మీ అనుభవాన్ని ప్రశ్నలు అడగడానికి వాడుకోండి. పరాయివాళ్లం కాబట్టి మనకున్న వీలు ఒకటే, అక్కడ మనకు కులం లేదు, పార్టీ లేదు, పొలం తగాదా లేదు. స్థానిక సహోద్యోగులకు ఇవన్నీ ఉంటాయి, అయినా మనకు నిజం చెబుతారు. పరిస్థితి చెడితే మనల్ని విమానం ఎక్కిస్తారు, వాళ్లు అక్కడే ఉండిపోతారు. వాళ్ల పేరు బయటికి రాకుండా కాపాడటం మీ మొదటి బాధ్యత, మీ నోట్ కన్నా ముందు.

దారి గురించి. ఐరాసలో సీనియర్ పొలిటికల్ అఫైర్స్ ఆఫీసర్ అంటే పీ-5 స్థాయి. పీజీ ఉంటే సాధారణంగా పదేళ్ల సంబంధిత అనుభవం అడుగుతారు. పీ-3కి ఐదేళ్లు, పీ-4కి ఏడేళ్లు. మీరు నేరుగా సీనియర్ పోస్టుకు గురిపెట్టకండి. కొత్తవాళ్లను తీసుకోవడానికి ఐరాస పెట్టే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు వయసు పరిమితి 32, కాబట్టి మీకు సమయం తక్కువ. అందులో పాల్గొనే దేశాల జాబితా ఏటా మారుతుంది, ఆ ఏడాది భారతదేశం ఉందో లేదో ముందు చూసుకోండి. ఐరాస వాలంటీర్ల కార్యక్రమంలో స్పెషలిస్టు పోస్టులు 27 దాటినవాళ్లకు ఉంటాయి, పేరుకు వాలంటీర్ అయినా బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. ఫీల్డ్‌లోకి వెళ్లినవాళ్లలో చాలామంది ఈ తలుపులోంచే వెళ్లారు. బ్యాంకాక్‌లో ఉండే ఏషియన్ నెట్‌వర్క్ ఫర్ ఫ్రీ ఎలక్షన్స్, ఆసియా దేశాల ఎన్నికలకు పరిశీలకుల్ని పంపుతుంది. మీ రంగానికి అది చక్కటి మొదటి మెట్టు. ప్రజాస్వామ్యం, ఎన్నికల మీద పనిచేసే స్టాక్‌హోమ్‌లోని ఇంటర్నేషనల్ ఐడియా సంస్థలో భారత్ వ్యవస్థాపక సభ్య దేశం, దాని ప్రచురణలన్నీ ఉచితం, వదలకుండా చదవండి.

మీకున్న పెద్ద అడ్డంకి చదువు కాదు, పార్టీల కోసం చేసిన పని. ఇంటర్వ్యూలో దాని గురించి తప్పకుండా అడుగుతారు. దాచకండి. కానీ ఏడాది, రెండేళ్లు పార్టీలతో సంబంధం లేని చోటికి మారండి. అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, లోక్‌నీతి లాంటి చోట్ల మీ సర్వే అనుభవానికి గౌరవం ఉంటుంది. ఫేస్‌బుక్‌లో, ఎక్స్‌లో పార్టీ జెండాలు ఉంటే ఈ రోజే ఆపేయండి. భాష విషయానికొస్తే ఫ్రెంచ్ మొదలుపెట్టండి, ఆఫ్రికాలో చాలా పని ఫ్రెంచ్‌లోనే జరుగుతుంది. హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది, సాయంత్రం క్లాసులకు వెళ్లండి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఇప్పుడు ఈ రంగం చాలా గడ్డు కాలంలో ఉంది. 2025లో అమెరికా తన విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేయడంతో ఎన్నికల సహాయ సంస్థల్లో పెద్ద ఎత్తున ఉద్యోగాలు పోయాయి. ఐరాసలోనూ కోతలు పడుతున్నాయి. ఆఫ్రికాలోని మాలి ప్రభుత్వం పొమ్మంటే అక్కడి ఐరాస మిషన్ 2023 ఆఖరుకి వెళ్లిపోయింది. పదిహేనేళ్ల అనుభవమున్నవాళ్లు మీతో పాటు అదే పోస్టుకు దరఖాస్తు పెడుతున్నారు. కాంట్రాక్టులు ఏడాదికో, ఆరు నెలలకో ఉంటాయి. ఉన్న ఉద్యోగం చేతిలో ఉంచుకునే ప్రయత్నించండి. కనీసం ఏడాది ఖర్చులకు డబ్బు పక్కన లేకుండా రాజీనామా చేయొద్దు.

పెళ్లి సంగతి నేను చెప్పాల్సింది కాదు, మీరు ఎత్తారు కాబట్టి చెబుతాను. యుద్ధం ఆగిన దేశాల్లో చాలా పోస్టింగులకు కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు. కంటైనర్ గదుల్లో ఉంటారు, కర్ఫ్యూ వేళకు లోపలికి రావాలి, కొన్ని వారాలకోసారి సెలవిస్తారు. సంబంధం మాట్లాడేటప్పుడే ఇది అబ్బాయికి నేరుగా చెప్పండి, పెద్దవాళ్ల ద్వారా కాదు. "చూద్దాంలే" అన్నవాళ్ల కన్నా, ఒప్పుకునేవాళ్లో, కాదనేవాళ్లో నయం. ఆడపిల్లలు ఈ పని చేయలేరన్న మాట మాత్రం పట్టించుకోకండి. చాలా చోట్ల మగ అడ్వైజర్లకు తలుపు తెరవని ఇళ్లలోకి మిమ్మల్ని పిలిచి కూర్చోబెడతారు, ఊరిలో ఎవరు ఎవరికి భయపడుతున్నారో అక్కడే తెలుస్తుంది.

ఈలోపు ఒక పని చేయండి. మీ మండలంలో సర్పంచ్ పదవి ఏకగ్రీవమైన ఊరు ఒకటి ఎంచుకోండి. ఏకగ్రీవం అని పేపర్లో వచ్చింది కదా, పోటీ చేద్దామనుకుని ఆగిపోయినవాళ్లు ఎవరో కనుక్కోండి. ఎందుకు ఆగారు? డబ్బుకా, భయానికా, గుడి కట్టిస్తామన్న మాటకా, నిజంగానే ఇష్టపడా? ఆగినందుకు వాళ్లకు ఏం దక్కింది, వచ్చేసారి ఏం చేస్తారు? అందరితోనూ, ముఖ్యంగా వాళ్లతో మాట్లాడి ఒక్క పేజీ నోట్ రాయండి. పేర్లు, ఊరి పేరు తీసేసి నాకు పంపండి. చదివి, ఎక్కడ విన్నది ఆగిపోయి మీ ఊహ మొదలైందో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.